బెంజ్ పరువు నిలబెట్టింది టాక్సీవాళ్ళు

మీరు అడిగింది ఇది: "మా నాన్నగారికి బెంజ్ అంటే పిచ్చి. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది చూస్తున్నాం. అసలు ఆ కంపెనీకి అంత పేరు ఎందుకొచ్చింది? బానెట్ మీది స్టార్‌కే డబ్బు కడుతున్నామా, లోపల నిజంగా ఏమైనా ఉందా?"

నేను పదకొండేళ్ళు స్టుట్‌గార్ట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేశాను. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఒక మిత్రుడితో కలిసి షెడ్డు నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత జర్మన్ బండ్లే. సమాధానం కాస్త పొడుగే అవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నేను అక్కడ దిగిన రోజు సంగతి చెప్పాలి. స్టుట్‌గార్ట్ స్టేషన్ బయటికొస్తే టాక్సీలు లైనుకట్టి ఉన్నాయి. అన్నీ మీగడ రంగు, ముప్పాతిక మూడొంతులు బెంజ్‌లే. దగ్గరికి వెళ్ళడానికి జంకాను. ఇది మామూలు టాక్సీయేనా, ఎవరో పెద్దమనిషి కోసం వచ్చిందా అని. డ్రైవరు టర్కీ ఆయన. నా సూట్‌కేసులు రెండూ, మా అమ్మ గుడ్డ చుట్టి ఇచ్చిన ఆవకాయ డబ్బా డిక్కీలో పెట్టి, మీటరు వేసి, ఒక్క మాట మాట్లాడకుండా బండి తీశాడు. మీటరు మీద అప్పటికే నాలుగు లక్షల పైచిలుకు కిలోమీటర్లు. మన ఊళ్ళో బెంజ్ అంటే సినిమా హీరో, మంత్రి, పెద్ద కాంట్రాక్టరు. అక్కడ అది కూలికి తిరిగే బండి కూడా. ఈ కంపెనీ పరువంతా ఆ రెండో సంగతిలోనే ఉందని నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీ ప్రశ్నకి నా జవాబు కూడా అదే. మిగతాదంతా దానికి వివరణ.

కథ రెండు ఊళ్ళలో విడివిడిగా మొదలైంది. మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్. స్టుట్‌గార్ట్‌ని ఆనుకున్న కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, ఆయన వెంట విల్‌హెల్మ్ మేబాక్. డైమ్లర్ తన తోటలో ఉన్న గాజు షెడ్డులో రాత్రింబవళ్ళు తలుపులేసుకుని పనిచేస్తుంటే, దొంగనోట్లు కొడుతున్నారేమోనని తోటమాలికి అనుమానమొచ్చి పోలీసులకి చెప్పాడని, వాళ్ళు వచ్చి చూస్తే ఇంజిన్ ముక్కలు తప్ప ఏమీ కనపడలేదని అక్కడ కథగా చెప్పుకుంటారు. బెంజ్ మాత్రం 1886 జనవరి 29న తన మూడు చక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆ పేటెంటు నంబరు 37435. ఒకటే సిలిండరు, ముప్పావు హార్స్‌పవర్. మన ఇంటిమీది ట్యాంకుకి నీళ్ళు ఎక్కించే మోటారు అంత ఉంటుంది బలం. ఈ ఇద్దరి పేర్లూ ఇవాళ ఒక్క ఊపిరిలో పలుకుతాం కానీ, బతికుండగా వాళ్ళ మధ్య స్నేహమంటూ ఏమీ లేదు.

బెంజ్ మంచి ఇంజినీరే, కానీ బండి అమ్ముకునే నేర్పు తక్కువ. అక్కడ నిలబడింది ఆయన భార్య బెర్తా. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు తెప్పించి, చిక్కులు పెడుతున్న భాగస్వామి వాటా కొనిపించింది. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, పుట్టింటికని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి బండి తీసింది. 106 కిలోమీటర్లు, ఇంచుమించు హైదరాబాద్ నుంచి నల్గొండ అనుకోండి. అప్పటివరకూ ఎవరూ ఆ బండిని అంత దూరం తోలలేదు. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. వైరు తొడుగు పోతే మేజోడు పట్టీ చుట్టింది. వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల షాపుకి వెళ్ళి, మరకలు తుడవడానికి వాడే లిగ్రోయిన్ కొని ట్యాంకులో పోయించింది. ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు మాదేనని ఆ షాపువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు అతికించింది. ఇంటికొచ్చాక మొగుడికి చెప్పిన మాట, గుట్టలెక్కడానికి ఇంకో గేరు పెట్టమని. వాహనరంగంలో మొదటి రోడ్ టెస్టు రిపోర్టు అది. నా లెక్కలో ఆ కంపెనీలో మొదటి ఇంజినీరు కార్ల్ అయితే, మొదటి డ్రైవరు బెర్తా. బండి దారిలో ఆగితే ఏంచేస్తాం అని ఆలోచించడం ఆవిడతోనే మొదలైంది.

ఇక మెర్సిడెస్ అన్న పేరు. అది ఇంజినీరుదీ కాదు, జర్మనీదీ కాదు. ఎమిల్ యెలినెక్ అని ఆస్ట్రియా వ్యాపారి, ఫ్రాన్స్‌లో నీస్ నగరంలో డబ్బున్నవాళ్ళకి డైమ్లర్ కార్లు అమ్మేవాడు. కూతురి పేరు మెర్సిడెస్. 1889లో పుట్టింది. ఆయన పందేల్లో పేరు నమోదు చేసుకునేటప్పుడు కూతురి పేరే రాసుకునేవాడు. 1900 మార్చిలో నీస్ దగ్గర కొండ ఎక్కే పందెంలో డైమ్లర్ కారు తోలుతూ ఒక డ్రైవరు చనిపోయాడు. బండి పొడవు తక్కువై, ఎత్తుగా ఉండి మలుపులో నిలవలేదు. పందేలు మానేద్దామా అని కంపెనీ తటపటాయిస్తుంటే యెలినెక్ ఒప్పుకోలేదు. పొడవుగా, వెడల్పుగా, నేలకి దగ్గరగా ఉండే బండి కావాలి, బలం పెరగాలి, దానికి మా అమ్మాయి పేరు పెట్టాలి అన్నాడు. ఊరికే అనలేదు, 36 కార్లకి ఆర్డరు పెట్టాడు. మేబాక్ చేసిచ్చిన ఆ 35 హార్స్‌పవర్ కారు 1901 మార్చిలో నీస్‌లో పందేలన్నీ ఊడ్చేసింది. గుర్రం లేని గుర్రపు బండిలా కాకుండా, ఇవాళ మనం కారు అనుకునే ఆకారం దానితోనే వచ్చింది. తేనెపట్టులా గదులు గదులుగా ఉన్న రేడియేటరు ముందు పెట్టుకున్న ఆ ముఖం కూడా అప్పటిదే. అది చూసేలోపే డైమ్లర్ 1900లో పోయాడు.

మూడు కొనల చుక్క 1909లో రిజిస్టరైంది. నేల, నీరు, గాలి, మూడుచోట్లా మా ఇంజినే అని దాని అర్థం. డైమ్లర్ ఒకప్పుడు ఇంటికి రాసిన కార్డు మీద తామున్న ఇంటిపైన చుక్క గీసిన సంగతి కొడుకులకి గుర్తుండి దాన్నే కంపెనీ గుర్తుగా తీసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు చిత్తుకాగితమైపోయి, కార్లు కొనేవాళ్ళు లేక, పోటీపడుతున్న రెండు కంపెనీలూ 1926 జూన్‌లో కలిసిపోయాయి. డైమ్లర్ చుక్క చుట్టూ బెంజ్ ఆకుల దండ వచ్చి కూర్చుంది. ఒక సరదా సంగతి చెప్తాను. స్టుట్‌గార్ట్ ప్రాంతంలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ "డైమ్లర్‌లో చేస్తున్నా" అంటారు, మాన్‌హైమ్‌లో "బెంజ్‌లో చేస్తున్నా" అంటారు. వందేళ్ళయినా పుట్టింటి పేరు ఎవరిది వాళ్ళు వదల్లేదు. మనం ఎందుకో మాన్‌హైమ్ వైపు చేరిపోయాం.

ఆ తర్వాతి కాలం గురించి దాటేయకూడదు. హిట్లర్ ఊరేగింది ఈ కంపెనీ పెద్ద కార్లలోనే. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలు విమానాల ఇంజిన్లూ మిలిటరీ బండ్లూ చేశాయి. 1944 నాటికి పనివాళ్ళలో సగానికి దగ్గరగా వెట్టికి పట్టుకొచ్చినవాళ్ళు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల వాళ్ళే. కంపెనీ తర్వాత చరిత్రకారుల చేత దీన్ని తవ్వించి బయటపెట్టింది, పరిహారం కట్టింది. స్టుట్‌గార్ట్ మ్యూజియంలో చివరి అంతస్తు నుంచి మలుపులు తిరుగుతూ దిగుతుంటే ఆ సంగతులు చెప్పే గోడ కూడా కనబడుతుంది. వెళ్తే అక్కడ ఆగండి. జనం పక్కనే మెరిసే కార్ల వైపు పరిగెత్తుతారు.

సరే, నేను మొదట చెప్పిన టాక్సీ సంగతి. 1936లో బెర్లిన్ ఆటో షోలో 260 డి అని ఒక కారు పెట్టారు. డీజిల్ ఇంజిన్‌తో అమ్మకానికొచ్చిన మొదటి కార్లలో ఒకటి. 45 హార్స్‌పవర్, కడకడమని చప్పుడు. షోకు చేసేవాడెవడూ కొనడు. కొన్నది టాక్సీవాళ్ళు, ఎందుకంటే డీజిల్ ఖర్చు తక్కువ. యుద్ధం తర్వాత 170 డి, 180 డి, అదే దారి. టాక్సీవాడు కారు కొంటే ప్రేమతో కొనడు, లెక్క వేసుకుని కొంటాడు. రోజుకి పద్నాలుగు గంటలు తిప్పుతాడు, షెడ్డులో ఒక్కరోజు నిలబడితే తిండి పోయినట్టే. అలాంటివాడు వరసగా యాభై ఏళ్ళు ఒకే కంపెనీ దగ్గరికి వెళ్ళాడంటే అంతకు మించిన ప్రకటన ఎవరు వేయగలరు? పెద్ద పెద్ద డాక్టర్లూ లాయర్లూ వెనకసీట్లో కూర్చుని మీటరు చూసి, ఇది ఇన్ని లక్షలు తిరిగినా చప్పుడు చెయ్యట్లేదే అనుకుని తామూ ఒకటి కొనుక్కున్నారు. మీ నాన్నగారి కల వెనక ఆ టాక్సీ డ్రైవర్ల నడుంనొప్పి ఉంది.

ఆ వరసలో కిరీటం డబ్ల్యూ 123 అనే మోడల్. 1976లో వచ్చింది. పదేళ్ళలో ఇంచుమించు 27 లక్షలు చేశారు. మొదట్లో కొత్తదానికి ఎంత కాలం ఆగాలంటే, ఏడాది వాడిన బండి కొత్తదాని ధరకే పోయేది. గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు దీనికి ముందు మోడల్ 240 డిని ఇంజిన్లు మార్చుకుంటూ 46 లక్షల కిలోమీటర్లు తిప్పి, 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. మొరాకోలో ఆరుగురు ప్యాసింజర్లని కుక్కి ఊరికీ ఊరికీ మధ్య తిప్పే టాక్సీలు దశాబ్దాలపాటు ఇవే.

మా షెడ్డులో ఒక 123 డీజిల్ ఉంది, దాన్ని చూపిస్తాను. బానెట్ రెండో మెట్టుకి తీస్తే తొంభై డిగ్రీలు నిటారుగా నిలుస్తుంది. మెకానిక్ నడుం వంచి తల దూర్చక్కర్లేదు, ఎదురుగా నిలబడి పనిచేయొచ్చు. కీ తిప్పాక హీటర్ ప్లగ్ల లైటు ఆరేదాకా ఆగాలి, ఆ తర్వాతే స్టార్టు. డీజిల్ కాబట్టి ఇంజిన్ ఆపడానికి స్పార్కు కట్ చేయడమంటూ ఉండదు. తాళం వెనక్కి తిప్పితే సన్నని గొట్టాల్లోంచి వాక్యూమ్ వెళ్ళి పంపుని ఆపుతుంది. నలభై ఏళ్ళకి ఆ రబ్బరు ఎండి ఎక్కడో గాలి పీలిస్తే, మీరు తాళం జేబులో వేసుకున్నా ఇంజిన్ డుగుడుగు అంటూనే ఉంటుంది. దానికీ ముందే ఆలోచించారు. ఇంజిన్ మీద స్టాప్ అని అచ్చు పోసిన చిన్న మీట ఉంది, చేత్తో నొక్కితే ఆగిపోతుంది. వెనక లైట్లు గట్లు గట్లుగా ఉంటాయి. అందం కోసం అనుకుంటాం. బురద పడితే ఉబ్బెత్తు మీద పేరుకుంటుంది, లోతులో ఉన్న గాజు శుభ్రంగా ఉండి వెనకవాడికి లైటు కనబడుతుంది. డోరు హ్యాండిల్ పట్టుకుని లాగే రకం. యాక్సిడెంటులో తలుపు ఇరుక్కుంటే బయటివాడు రెండు చేతులేసి పీకడానికి వీలుంటుంది. సీటు విప్పితే లోపల స్ప్రింగుల మీద రబ్బరు పట్టించిన పీచు పరుపు, అందులో కొబ్బరి పీచు కూడా ఉంది. మా కుర్రాడిది అమలాపురం. చూసి, "సార్, ఇది మా ఊరిదే" అన్నాడు.

నేను లగ్జరీ అనేది దీన్ని. తోలు సీటు, చెక్క డ్యాష్‌బోర్డు ఎవడైనా అతికిస్తాడు. మీకు రాబోయే ఇబ్బందిని మీకంటే ముందు ఎవరో కూర్చుని ఆలోచించి ఉండటం, అది కొనుక్కోవడం కష్టం.

భద్రత విషయంలోనూ ఇదే బుద్ధి. బేలా బారెన్యీ అనే ఇంజినీరు 1939లో చేరాడు, 2,500కు పైగా పేటెంట్లు తీసుకున్నాడు. కారు ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమం అని అందరూ నమ్మే రోజుల్లో ఆయన తిరగేసి చెప్పాడు: ముందూ వెనకా నలిగిపోవాలి, మధ్యలో మనుషులున్న గది మాత్రం నలగకూడదు. దెబ్బని రేకు తినేస్తే మనిషి దాకా రాదు. 1951లో పేటెంటు వేశాడు, 1959లో ఆ లెక్కతో చేసిన కారు రోడ్డెక్కింది. ఇవాళ మీ పక్కింటి చిన్న కారు బంపరు గుద్దితే అప్పడంలా ముడుచుకుందని తిడతారే, అది ముడుచుకోవడమే దాని పని. తర్వాత 1978లో బాష్ అనే విడిభాగాల కంపెనీతో కలిసి, బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, 1981లో ఎయిర్‌బ్యాగ్, 1995లో బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ. ముందు తమ పెద్ద కార్లలో పెట్టారు, పదీ ఇరవై ఏళ్ళలో అవన్నీ మామూలు కార్లకి దిగివచ్చాయి.

రేసులు, 300 ఎస్ఎల్ అనే స్పోర్ట్స్ కారు రెక్కల తలుపుల గురించి రాయాలంటే ఇంకో సమాధానం కావాలి. ఒక్క ముక్క చెప్తాను. ఆ తలుపులు షోకు కోసం పైకి తెరుచుకోవు. గొట్టాలతో అల్లిన చట్రం పక్కల్లో ఎత్తుగా ఉండడంతో మామూలు తలుపుకి చోటు లేక అలా పెట్టాల్సి వచ్చింది. అవసరం నుంచి వచ్చింది కాబట్టే అందంగా ఉందని నా నమ్మకం. 1955లో లె మాన్ పందెంలో వీళ్ళ కారు ఎగిరి జనం మీద పడి ఎనభై మందికి పైగా పోయారు. ఆ ఏడాది చివర రేసులు మానేసి మూడు దశాబ్దాలు దూరంగా ఉన్నారు.

ఇక పడిపోయిన కాలం. మీరు పాత బండి కొంటున్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. 1989లో టయోటావాళ్ళ లెక్సస్ వచ్చి అమెరికాలో చాలా తక్కువ ధరకి అంత మెత్తని, అంత నిశ్శబ్దమైన కారు ఇచ్చేసరికి స్టుట్‌గార్ట్‌లో చెమటలు పట్టాయి. అప్పటిదాకా ఇంజినీర్లు బండి చేసేవాళ్ళు, తర్వాత లెక్కలవాళ్ళు ధర వేసేవాళ్ళు. అక్కడినుంచి ధర ముందు, బండి తర్వాత అయింది. తొంభైల మొదట్లో వైరింగ్ మీది తొడుగు త్వరగా పెళుసైపోయే రకం వాడారు. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన ఈ క్లాస్‌లు తుప్పుకి పేరుమోశాయి. 1997లో ఎ క్లాస్ స్వీడన్‌లో జింక అడ్డొస్తే తప్పించుకునే పరీక్షలో బోల్తాపడింది. అప్పుడు మాత్రం అమ్మకాలు ఆపి, ఆ చిన్న కారుకి కూడా ఈఎస్‌పీ మామూలుగా ఇచ్చి పరువు దక్కించుకున్నారు. 1998లో అమెరికా కార్ల కంపెనీ క్రిస్లర్‌తో పెళ్ళి, 2007లో విడాకులు. మధ్యలో 2005లో ఒకేసారి 13 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. ఆ ఏళ్ళలో జర్మన్ టాక్సీవాళ్ళు కొందరు వేరే కంపెనీలవైపు చూడటం మొదలెట్టారు. కంపెనీకి అసలు ప్రమాదఘంట అదే.

మన దేశానికి చుక్క వచ్చింది కూడా కూలీ బండిగానే. 1954లో టాటాలతో ఒప్పందం, జంషెడ్‌పూర్‌లో లారీలు. 1969 దాకా మన రోడ్ల మీద తిరిగిన టాటా మెర్సిడెస్ బెంజ్ లారీల మూతి మీద ఇదే గుర్తు. విజయవాడ బెంజ్ సర్కిల్‌కి ఆ పేరు ఆ లారీల కాలంలోనే పడిందని మా పెదనాన్న చెప్పేవాడు. కార్లు 1995లో పుణెలో మొదలయ్యాయి, ముందు వచ్చింది 123 తర్వాతి మోడల్ డబ్ల్యూ 124.

మీకు నా సలహా. నాన్నగారి ముచ్చట తీరాలి, జేబుకి చిల్లు పడకూడదు అంటే పుణెలో చేసిన 124 చూడండి. వైరింగ్ మార్చారా లేదా అడగండి, మార్చకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. 2000 చుట్టుపక్కల ఎస్ క్లాస్ చిన్న కారు ధరకే వస్తుంది, దాని జోలికి పోవద్దు. ఏనుగుని ఎవరో ఉచితంగా ఇచ్చినా మేపాల్సింది మనమే. గాలితో నడిచే సస్పెన్షన్ ఒక్క మూల పోతే మీ టెన్షన్ మొదలు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో ముందు చూసుకోండి. మీటరు అంకెని నమ్మొద్దు. నేనే ఒకసారి ఒక సెకండ్ హ్యాండ్ షోరూంలో తొంభైవేలు తిరిగిందన్న కారు కొన్నాను. పెడల్ మీది రబ్బరు ఒకవైపు నున్నగా అరిగి ఇనుము కనబడుతోంది, అది గమనించింది డబ్బు కట్టేశాక. పెడల్, స్టీరింగ్, డ్రైవరు సీటు అంచు, ఈ మూడూ అబద్ధం చెప్పవు.

చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, వస్తున్నామని టైము చెప్పకండి. వెళ్ళగానే మాటలు మొదలుపెట్టకుండా బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. నవ్వి, టీ తాగి, రేపొస్తామని చెప్పి వచ్చేయండి.